ఆ డబ్బాలో పిక్చర్ ట్యూబ్ పీకొద్దు

కొంచెం పెద్ద పోస్టు. తీరిగ్గా ఉన్నప్పుడు చదవండి, సగం చదివి మాత్రం తిట్టకండి.

పోయిన ఆదివారం మన సంఘం కమిటీ మీటింగులో "కింది గదిలో పాత సామాను" అనే అంశం వచ్చింది. బిల్డింగ్ కూల్చి కొత్తది కడుతున్నారు కాబట్టి గది ఖాళీ చెయ్యాలి. విరిగిన కుర్చీలు, పాత బ్యానర్లు, వినాయక చవితి లైటింగ్ వైర్లు, వీటి మీద ఎవరికీ గొడవ లేదు. గొడవంతా మూలన ఉన్న వీడియో గేమ్ డబ్బా గురించి. ఒకాయన భంగార్‌వాలాకి ఇచ్చేద్దామన్నాడు. కుర్రవాళ్ళు ఇద్దరు ముగ్గురు ట్యూబ్ పీకేసి ఎల్‌సీడీ మానిటర్ పెడదాం, లోపల చిన్న కంప్యూటర్ పెడదాం, వెయ్యి గేములు వస్తాయి అన్నారు. నేను లేచి, కంప్యూటర్ పెట్టండి కానీ ట్యూబ్ ఉంచండి, దానికే కలుపుదాం, ఆ పని నేను ఇప్పటికే చేసి చూశాను అన్నాను. ఒక పెద్దాయన నన్ను ఎగాదిగా చూసి, "తమ్మీ, గా డబ్బా మీద నీకు గింత పావురమేంది?" అన్నాడు. అందరూ నవ్వారు. టైమ్ అయిపోయింది, వచ్చే మీటింగుకి వాయిదా పడింది. అక్కడ రెండు నిమిషాల్లో చెప్పలేనిది ఇక్కడ రాస్తున్నాను.

ముందు ఆ డబ్బా ఎక్కడిదో కొత్తవాళ్ళకి చెప్పాలి. మన గల్లీ చివర కిరానా కొట్టు పక్కన గేమ్ పార్లర్ ఉండేది. రూపాయి బిళ్ళకి ఒక ఆట. మా తరం వాళ్ళు ముస్తఫా అంటే చాలు, మిగతాది వాళ్ళే చెబుతారు. ఆ గేమ్ అసలు పేరు క్యాడిలాక్స్ అండ్ డైనోసార్స్, జపాన్‌లో క్యాప్కామ్ కంపెనీ 1993లో చేసింది. అందులో టోపీ పెట్టుకున్న ఒక ఆటగాడి పేరు ముస్తఫా. దేశంలో చాలా చోట్ల పిల్లలు గేమ్‌కే ఆ పేరు పెట్టేశారు. మన వాళ్ళ పేర్లు అందులో లేకపోయినా, ముస్తఫా అనే పేరు మన గల్లీలో వినిపించే పేరు కదా, అందుకే అందరికీ మనవాడైపోయాడు.

1982 జనవరిలో మొదలైన మిల్లు సమ్మె మన ఇళ్ళల్లో ఏం చేసిందో ఇక్కడ మళ్ళీ చెప్పనవసరం లేదు. కరీంనగర్ నుంచో నల్గొండ నుంచో వచ్చి మిల్లుల్లో మగ్గాల మీద పనిచేసిన మన నాన్నలు, ఆ తర్వాత పదేళ్ళకి వాచ్‌మన్లుగానో, కూరగాయల బండ్ల మీదనో ఉన్నారు. ఆ ఇళ్ళల్లో రూపాయి అంటే రూపాయే. అది తెచ్చి గేమ్‌లో వేశామంటే ఎన్ని అబద్ధాలు ఆడి ఉంటామో లెక్కపెట్టుకోండి. పార్లర్ మూతపడినప్పుడు ఓనరు సేటు ఒక డబ్బాని సంఘానికి ఇచ్చిపోయాడు. రెండేళ్ళు నడిచింది. తర్వాత లోపలి గేమ్ బోర్డు చచ్చిపోయింది. దాని మీద బ్యానర్లు పెట్టడం మొదలైంది.

ఇంతవరకు జ్ఞాపకాలు. జ్ఞాపకాల కోసమే ఉంచమంటే నేనూ ఒప్పుకోను. మన దగ్గర జాగా లేదు, అందరి ఇళ్ళల్లో జ్ఞాపకాల డబ్బాలు పెట్టుకుంటే మనుషులు మెట్ల మీద పడుకోవాలి. నేను చెప్పే కారణం వేరు.

పాత గేమ్ బోర్డు చేసే పనిని కంప్యూటర్ చేత చేయించడాన్ని ఎమ్యులేషన్ అంటారు. దీనికి మేమ్ అనే ప్రోగ్రాం ఉంది. ఇటలీకి చెందిన నికోలా సాల్మోరియా 1997 ఫిబ్రవరిలో మొదటిసారి విడుదల చేశాడు. అప్పటినుంచి ప్రపంచం నలుమూలల నుంచి ప్రోగ్రామర్లు దాన్ని పెంచుతూ వచ్చారు. 2016లో పూర్తిగా ఓపెన్ సోర్స్ చేశారు. ఆ బోర్డులు ఎలా పనిచేసేవో రాసిపెట్టుకోవడమే తమ అసలు ఉద్దేశమని, ఆడుకోగలగడం దాని వెంట వచ్చే లాభమని వాళ్ళే చెప్పుకుంటారు. అంటే చచ్చిపోయిన బోర్డుకి మందు ఉంది. కానీ ఆ బోర్డు ఏ అద్దం మీద బొమ్మ వేసేదో ఆ అద్దానికి మందు లేదు. మన ఇళ్ళకి వచ్చే రకం పిక్చర్ ట్యూబులు చేసే ఫ్యాక్టరీలు మూతపడ్డాయి. ఒక్క ట్యూబ్ పగిలితే ఒకటి తగ్గినట్టే.

"అదే బొమ్మ ఎల్‌సీడీ మీద రాదా?" అని అడిగాడు మన ట్రెజరర్. వస్తుంది. కానీ అదే బొమ్మ కాదు. ఎందుకో చెబుతాను, కొంచెం లెక్క ఉంది, ఓపిక పట్టండి.

ట్యూబ్‌లో ఎలక్ట్రాన్ల ధార ఎడమ నుంచి కుడికి ఒక్కో గీత గీస్తూ కిందికి దిగుతుంది. పార్లర్ గేముల్లో ఒక బొమ్మకి సుమారు 262 గీతలు, అందులో కంటికి కనిపించేవి 224 నుంచి 240. ఇలాంటి బొమ్మలు సెకనుకి అరవై. 262ని 60తో గుణిస్తే 15,720. అంటే ఆ ధార సెకనుకి పదిహేను వేల చిల్లర సార్లు అటూ ఇటూ తిరుగుతుంది. దీన్నే 15 కిలోహెర్ట్జ్ మానిటర్ అంటారు. మన ఇంట్లో పాత టీవీ కూడా ఇదే జాతి, దానిది 15,625. కంప్యూటర్ సంగతి వేరు. 1987లో ఐబీఎం వీజీఏ తెచ్చినప్పటినుంచి దానికి మామూలుగా 525 గీతలు, సెకనుకి అరవై సార్లు. గుణిస్తే 31,500. దాదాపు రెట్టింపు. కంప్యూటర్ వైరు తెచ్చి డబ్బా మానిటర్‌కి నేరుగా కలిపితే, ఎద్దుల బండికి మోటార్ సైకిల్ ఇంజన్ కట్టినట్టు ఉంటుంది.

ఇది నేను పుస్తకంలో చదివి చెప్పడం లేదు. కాల్చుకుని చెబుతున్నాను. మొదటిసారి నేను చేసిన తప్పు ఇదే. డ్రైవర్ అంతా సరిగ్గా పెట్టాను, విండోస్ లోపల 15 కిలోహెర్ట్జ్ సరిగ్గా వస్తోంది. కానీ కంప్యూటర్‌ని, మానిటర్‌ని ఒకే స్విచ్ బోర్డుకి పెట్టాను. కంప్యూటర్ ఆన్ చెయ్యగానే, విండోస్ రాకముందు, కంపెనీ పేరు కనిపించే ఆ పదిహేను సెకన్లు అది 31 మీదే నడుస్తుంది. డ్రైవర్ అప్పటికి నిద్ర లేవలేదు మరి. తెర మీద బొమ్మ చీలికలు పేలికలై, సన్నగా కీచుమని శబ్దం వచ్చింది, తర్వాత టప్ మని ఆగిపోయింది. లైన్ ట్రాన్సిస్టర్ పోయింది. కొన్ని మానిటర్లు ఇది తట్టుకుంటాయి, నాది తట్టుకోలేదు. అప్పటికి ముందు ఒక షాపులో "ఏ మానిటర్‌కైనా పనిచేస్తుంది" అని ఒక కన్వర్టర్ అంటగట్టారు, అది పనిచేసేది మాత్రం 15 నుంచి 31కి, నాకు కావలసిన దానికి సరిగ్గా తిరగేసి. తప్పు నాదే, అట్ట మీద రాసింది చదవలేదు.

రిపేరు చేసింది మన టీవీ కాక. ఆయన గురించి కింద చెబుతాను.

ఇప్పుడు ఇంకో లెక్క, నా దృష్టిలో అసలు విషయం ఇదే. సెకనుకి అరవై బొమ్మలు అన్నాను కదా, అది సుమారు లెక్క. ప్రతి గేమ్ బోర్డుకి దాని సొంత నడక ఉంటుంది. ప్యాక్‌మ్యాన్ సెకనుకి 60.6 బొమ్మలు వేస్తుంది. స్ట్రీట్ ఫైటర్ 2, మన ముస్తఫా నడిచే బోర్డు 59.6. మెటల్ స్లగ్ ఆడే నియో జియో 59.2. 1992లో వచ్చిన మోర్టల్ కాంబాట్ అయితే 54.7. పాత మానిటర్‌కి ఇవన్నీ సమ్మతమే. బోర్డు ఎప్పుడు కొత్త బొమ్మ మొదలుపెట్టమంటే అప్పుడు మొదలుపెడుతుంది. ఎదురు మాట్లాడదు. మామూలు ఎల్‌సీడీ అలా కాదు, దానిది 60 అంటే 60. మోర్టల్ కాంబాట్‌ని దాని మీద ఆడితే రెండే దారులు. గేమ్‌నే 60కి లాగితే దాదాపు పది శాతం తొందరగా నడుస్తుంది, పాట కూడా పిల్ల గొంతుకలా వస్తుంది. లేదా గేమ్‌ని దాని వేగంలో ఉంచి, సెకనుకి ఐదుసార్లు ఒకే బొమ్మ రెండుసార్లు చూపించాలి. అప్పుడు తెర కదిలేటప్పుడు గతుకుల రోడ్డు మీద బస్సులా ఎగిరెగిరి పోతుంది. ఎక్కడో ఏదో బాగాలేదని చిన్నప్పుడు ఆడిన వాళ్ళకి వెంటనే తెలుస్తుంది, ఏం బాగాలేదో చెప్పలేరు. "వయసు అయిపోయింది, చేతులు ఆడడం లేదు" అనుకుంటారు. చేతులు బాగానే ఉన్నాయి.

కుర్రవాళ్ళ వాదనలో నిజం లేదని నేను అనడం లేదు. ఖరీదైన కొత్త మానిటర్లలో రిఫ్రెష్ రేటు మార్చుకునేవి ఉన్నాయి, 54.7 అంటే అవీ 54.7కి వస్తాయి. పాత ట్యూబ్ గీతల్ని, మెరుపుని నకలు చేసే షేడర్లు అనే ప్రోగ్రాములున్నాయి, మంచి తెర మీద దూరం నుంచి చూస్తే నేనే ఒకసారి మోసపోయాను. డబ్బు, జాగా, పాత సామాను ఏదీ లేని వాళ్ళకి ఇంట్లో ఆడుకోవడానికి అదే మంచి దారి, నేనూ అదే చెబుతాను. కానీ కమిటీ కొందామన్నది అలాంటి మానిటర్ కాదు. బడ్జెట్‌లో రాసిన ధర చూశాను, ఆఫీసులో టైపింగ్‌కి కొనే రకం. బాగా పనిచేసే ట్యూబ్‌ని పీకి దాని జాగాలో అలాంటిది పెట్టడం నాకు సమ్మతం కాదు. ట్యూబ్ లేని డబ్బా మీకు దొరికితే ఎల్‌సీడీ పెట్టుకోండి, నేనే వచ్చి బిగిస్తాను.

కలపడం ఎలా అన్నది చాలామంది అడిగారు. క్లుప్తంగా చెబుతాను, దీన్ని చూసి ఎవరూ ఒంటరిగా చెయ్యొద్దు.

కొత్త గ్రాఫిక్స్ కార్డుల్లో చాలావరకు వీజీఏ సిగ్నలే రాదు, పాతది కావాలి. లామింగ్టన్ రోడ్డులో రేడియాన్ హెచ్‌డీ 5450 అనే పాత కార్డు దొరికింది, ఫ్యాన్ కూడా లేని చిన్న కార్డు, కొత్తగా ఉన్నప్పుడు కూడా దాన్ని ఎవరూ పొగడలేదు. ఈ పనికి మాత్రం బంగారం. దానికి సీఆర్‌టీ ఎము డ్రైవర్ వేస్తే 15 కిలోహెర్ట్జ్ ఇస్తుంది. దాని మీద గ్రూవీమేమ్ అనే మేమ్ రకం. ఇది ఏ గేమ్ తెరిస్తే ఆ గేమ్‌కి సరిపడా గీతలు, వేగం లెక్క కట్టి కార్డుకి చెబుతుంది. ముస్తఫాకి 384 బై 224, 59.6. అక్కడితో కంప్యూటర్ వైపు పని అయిపోయింది.

మానిటర్ వైపు మూడు చిక్కులు. కంప్యూటర్ అడ్డం సింక్, నిలువు సింక్ వేర్వేరు వైర్లలో పంపుతుంది, మన మానిటర్‌కి రెండూ కలిసి ఒక్క వైరులో కావాలి. టీవీ కాక ఒక 7486 ఐసీతో కలిపాడు, పది రూపాయల పని. రెండోది, కంప్యూటర్ రంగుల సిగ్నల్ 0.7 వోల్టులే. పాత గేమ్ బోర్డులు అంతకు చాలా రెట్లు గట్టిగా పంపేవి. అందుకే నేరుగా ఇస్తే బొమ్మ చీకట్లో దెయ్యంలా కనిపిస్తుంది. మధ్యలో చిన్న యాంప్లిఫయర్ కావాలి. ఈ రెండు పనులూ చేసి, జాయ్‌స్టిక్ వైర్లు కూడా కలిపి, తప్పు ఫ్రీక్వెన్సీ వస్తే అడ్డుకునే జేప్యాక్ అనే రెడీమేడ్ బోర్డు ఇంగ్లండ్ కంపెనీ ఒకటి అమ్ముతుంది. నేను ముందే అది తెప్పించుకుని ఉంటే లైన్ ట్రాన్సిస్టర్ బతికేది. ఖర్చుకి వెనకాడాను. ఇప్పుడు నా దగ్గర పద్ధతి ఏంటంటే, మానిటర్‌కి వేరే స్విచ్. విండోస్ వచ్చి, సౌండు వినిపించాకే అది వేస్తాను.

మూడోది ప్రాణాలకి సంబంధించింది. ఇలాంటి మానిటర్లలో చాలావాటికి కరెంటు నేరుగా లోపలి చాసిస్ మీదికి వస్తుంది. హాట్ చాసిస్ అంటారు. లోపలి గ్రౌండ్ అంటే మనం అనుకునే ఎర్త్ కాదు, ముట్టుకుంటే కొడుతుంది. కంప్యూటర్ గ్రౌండ్ మాత్రం ఎర్త్‌కి కలిసి ఉంటుంది. ఈ రెండింటినీ వీజీఏ వైరుతో కలిపితే షార్ట్ సర్క్యూటే. కార్డు, మానిటర్, అదృష్టం బాగాలేకపోతే దగ్గరున్న మనిషి. అందుకని మధ్యలో ఐసోలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ ఉండి తీరాలి. 230 ఇస్తే 230 వచ్చేదే, కానీ రెండు వైపులా చుట్టలకి ఒకదానితో ఒకటి సంబంధం ఉండదు. రీవైండింగ్ షాపులో 200 వీఏది చుట్టించాం. విదేశీ మానిటర్ అయితే ఇంకా జాగ్రత్త, జపాన్‌వి 100 వోల్టులవి, అమెరికావి 120 వోల్టులవి వస్తాయి, వాటికి తగ్గించేది కావాలి. ఆ తగ్గించేది కూడా ఆటో ట్రాన్స్‌ఫార్మర్ అయితే పనికిరాదు, అందులో రెండు వైపులా ఒకే చుట్ట కాబట్టి ఐసోలేషన్ ఉండదు.

ఇక్కడ ఒక తమాషా జరిగింది. ట్రాన్స్‌ఫార్మర్‌ని జాగా ఉంది కదా అని ట్యూబ్ కిందే బిగించాం. బొమ్మ అంతా నీళ్ళల్లో నీడలా సెకనుకి పదిసార్లు ఊగడం మొదలైంది. రెండు రాత్రులు కండెన్సర్లు మార్చాం, గ్రౌండ్ వైర్లు మార్చాం. చివరికి కాకే కనిపెట్టాడు. మన కరెంటు 50 సైకిళ్ళు, గేమ్ బొమ్మ దాదాపు 60. ట్రాన్స్‌ఫార్మర్ అయస్కాంతం ఎలక్ట్రాన్ ధారని లాగుతోంది, రెండింటి తేడా పది, ఆ పదే కంటికి కనిపిస్తోంది. ట్రాన్స్‌ఫార్మర్ తీసి డబ్బా అడుగున పెట్టగానే బొమ్మ గోడకి మేకు కొట్టినట్టు నిలబడింది. అరవై సైకిళ్ళ కరెంటున్న అమెరికా వాళ్ళు రాసిన గైడ్లలో ఈ మాట నాకు ఎక్కడా కనబడలేదు. వాళ్ళకి ఇంత కొట్టొచ్చినట్టు ఊగదు కదా.

ఇప్పుడు పెద్దల భయం గురించి. మీటింగులో ఒక అక్క, "పిల్లలు ఆడే గదిల కరెంట్ డబ్బా పెడ్తరా, ఎవలకన్న ఏమన్న అయితె?" అని అడిగింది. ఆ రోజు అడిగిన ప్రశ్నల్లో అదొక్కటే అసలైన ప్రశ్న. నవ్వి పక్కన పెట్టాల్సింది కాదు. ట్యూబ్ మీద ఉండే రబ్బరు టోపీ కింద సుమారు పాతిక వేల వోల్టులు ఉంటాయి. స్విచ్ తీసేసి, ప్లగ్ పీకేసినా ట్యూబే పెద్ద కండెన్సర్ కాబట్టి ఆ ఛార్జి నిలవ ఉండిపోతుంది. మెడ దగ్గర గాజు పల్చగా ఉంటుంది, లోపల శూన్యం, దెబ్బ తగిలితే లోపలికి పేలుతుంది. ముప్పై ఏళ్ళ నాటి కండెన్సర్లు, చెక్క డబ్బా, దాని మీద మనం పెట్టిన బ్యానర్ గుడ్డలు, నిప్పుకి ఇంతకంటే ఏం కావాలి? కాబట్టి నేను షరతులు లేకుండా ఉంచమని అడగడం లేదు. వెనక తలుపుకి తాళం, తాళంచెవి ఇద్దరి దగ్గరే. చాసిస్‌లో కండెన్సర్లన్నీ మార్చాలి, డ్రై సోల్డర్లు చూడాలి. సరైన ఫ్యూజు, లైన్‌లో ఈఎల్‌సీబీ ఉండాలి. ఒక మాట మాత్రం ఎలక్ట్రీషియన్ మిత్రులు గుర్తుంచుకోండి, ఐసోలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ దాటిన తర్వాత ఉన్న వైరు మీద షాక్ కొడితే ముందున్న ఈఎల్‌సీబీ పడదు, కాబట్టి అది ఉందని ధైర్యంతో లోపల చెయ్యి పెట్టొద్దు. మనిషి లేనప్పుడు డబ్బా ఆన్‌లో ఉండకూడదు. ఈ ఖర్చుకి సంఘం ఒప్పుకోకపోతే, అప్పుడు తీసేయడమే మంచిది. ఆ మాట నేనే మొదట అంటాను.

బిళ్ళ వేసే చీలిక మళ్ళీ పనిచేయించి పిల్లల దగ్గర ఐదు రూపాయలు తీసుకుంటే ఖర్చు వస్తుంది కదా అని ఒక సూచన వచ్చింది. దీనికి నేను గట్టిగా వ్యతిరేకం. మేమ్ ప్రోగ్రాం వాడుకోవడం తప్పు కాదు, కానీ గేములు వేరు, వాటికి హక్కుదారులున్నారు. ఎక్కడో దొరికిన ఫైళ్ళు వేసి డబ్బులు వసూలు చేస్తే సంఘం పేరు మీద దొంగ వ్యాపారం చేసినట్టే. హక్కుదారులే వ్యాపారానికి కాకుండా ఉచితంగా వాడుకోవచ్చని ఒప్పుకున్న కొన్ని పాత గేములు మేమ్ వాళ్ళ దగ్గరే దొరుకుతాయి, గ్రిడ్లీ, రాబీ రోటో లాంటివి. హాల్లో అవి పెడదాం. ముస్తఫా సంగతి కష్టమే. 2018లో క్యాప్కామ్ తన పాత కొట్లాట గేములు ఏడింటిని కలిపి అమ్మకానికి పెట్టినప్పుడు కూడా అందులో అది లేదు. ఒక అమెరికా కామిక్ ఆధారంగా చేసిన గేమ్ అది. డబ్బిచ్చి కొంటానన్నా అమ్మేవాడు లేడు. ఇంట్లో ఎవరేం ఆడుకుంటారో నేను అడగను. సంఘం బోర్డు కింద మాత్రం నిలబెట్టి మాట్లాడగలిగిందే పెట్టాలి. (మన డబ్బాలో చచ్చి పడున్న బోర్డు కూడా నకలు బోర్డేనని కాక తేల్చాడు. సేటు మనకి ఇచ్చిన దానం అలాంటిది.)

భంగార్ వైపు మొగ్గిన వాళ్ళకి ఒక్క మాట. ఇస్తే వందో రెండొందలో వస్తాయి. వాడు చేసేది ఏంటంటే, ట్యూబ్ మెడ విరగ్గొట్టి, యోక్‌లో రాగి తీసుకుని, గాజు కాలవ పక్కన పారేస్తాడు. ఆ గాజులో సీసం కలిసి ఉంటుంది, గ్రాముల్లో కాదు, కేజీ లెక్కన. 2023 ఏప్రిల్ నుంచి అమల్లో ఉన్న కొత్త ఈ-వేస్ట్ నియమాల ప్రకారం ఇలాంటివి అనుమతి ఉన్న రీసైక్లర్లకే ఇవ్వాలి. కాబట్టి వదిలించుకోవాలన్నా అంత సులువేమీ కాదు. కాలవ పక్కన ఆడుకునే పిల్లలు మనవాళ్ళే.

ఇక కాక గురించి. డెబ్బై దాటాయి. మిల్లు పోయాక దాదర్‌లో ఒక షాపులో టీవీ పని నేర్చుకున్నాడు. మన చాళ్ళలో ఏ ఇంట్లో టీవీ పోయినా ఆయనే. ఎల్‌ఈడీ టీవీలు వచ్చాక పని లేదు, వాటికి రిపేరంటే ప్యానెల్ మార్చడమే. నా మానిటర్ కాలినప్పుడు ఆయన దగ్గరికి వెళ్తే, చాసిస్ చూసి ఐదేళ్ళు చిన్నవాడయ్యాడు. ముందు స్క్రూడ్రైవర్‌కి వైరు కట్టి ఛార్జి దించాడు, ఒక చెయ్యి వెనక జేబులో పెట్టుకుని. "రెండు చేతులు పెడ్తే కరెంటు గుండెలకెళ్ళి పోతది బిడ్డా" అన్నాడు. తర్వాత వంద వాట్ల బల్బు సీరీస్‌లో పెట్టి పవర్ ఇచ్చాడు. బల్బు గట్టిగా వెలిగితే ఇంకా షార్ట్ ఉన్నట్టు, ఒక్కసారి మెరిసి మసకైతే బాగుపడినట్టు. లైన్ ట్రాన్సిస్టర్ మార్చాక కూడా బల్బు ఫుల్లుగా వెలిగింది. నేనైతే ఎల్‌ఓటీ పోయిందని వదిలేసేవాడిని. ఆయన బోర్డుని వాసన చూశాడు. నిజంగానే, ముక్కు పెట్టి. ఒక చిన్న కండెన్సర్ దగ్గర ఆగాడు. అది మార్చాక బల్బు మసకైంది, ట్యూబ్‌లో ఎర్రగా దీపం కనిపించింది, పది సెకన్లకి తెర వచ్చింది.

తెర మీద ఒక మూలన, గేమ్ ఏదీ లేకపోయినా, నీడలా ఇన్సర్ట్ కాయిన్ అని ఇంగ్లీషు అక్షరాలు కనబడుతున్నాయి. ఏళ్ళ తరబడి అదే చోట వెలిగి ఫాస్ఫర్ కాలిపోయి పడ్డ మచ్చ. కాక దాన్ని వేలితో తుడవబోయి, నవ్వి ఊరుకున్నాడు.

ఈ పని ఆయన దగ్గర నేర్చుకున్న వాడిని ఇప్పటికి నేనొక్కడినే, నాకు వచ్చింది పావు వంతు. దసరా తర్వాత ఆయన కొడుకు దగ్గరికి కరీంనగర్ వెళ్ళిపోతున్నాడు. అందుకే నేను తొందరపడుతున్నాను. మేమ్ వాళ్ళు బోర్డుల గురించి అంతా రాసిపెట్టుకున్నారు. బల్బు ఎంత మసకైతే మంచిదో, ఏ వాసన దేనిదో ఎవరూ రాయలేదు. మన కుర్రవాళ్ళలో డిప్లొమా ఎలక్ట్రానిక్స్ చదివే వాళ్ళు నలుగురున్నారు, వాళ్ళల్లో ఒక్కరు కూడా తెరిచిన పిక్చర్ ట్యూబ్‌ని దగ్గరగా చూడలేదు. ట్యూబ్ ఉంటే ఆయన చేత్తో పట్టుకుని నేర్పడానికి ఒక వస్తువు ఉంటుంది. ఎల్‌సీడీ పెడితే నేర్పడానికి ఏమీ లేదు, నాలుగు స్క్రూలు.

కాబట్టి వచ్చే మీటింగుకి నా ప్రతిపాదన ఇది. డబ్బా ట్యూబ్‌తో సహా ఉంచాలి. కొత్త బిల్డింగ్ వచ్చేదాకా పెట్టుకోవడానికి ఎవరి ఇంట్లోనైనా, షాపులోనైనా కింది అంతస్తులో జాగా కావాలి. కొలిచాను, రెండున్నర అడుగుల వెడల్పు, మూడు అడుగుల లోతు, ఎత్తు మనిషంత. తేమ ఉండకూడదు, పక్కన పెద్ద స్పీకర్లు ఉండకూడదు, రంగులు మరకలు పడతాయి. కండెన్సర్లు, ఫ్యూజులు, తాళం ఖర్చు నేను పెట్టుకుంటాను, కంప్యూటర్, కార్డు ఇప్పటికే నావే. సంఘం డబ్బు ఒక్క రూపాయి అడగడం లేదు. దసరాలోపు నాలుగు ఆదివారాలు కాక కూర్చుంటానన్నాడు, పొద్దున పదింటి నుంచి భోజనాల దాకా. పద్దెనిమిది దాటిన వాళ్ళు, ముగ్గురికి మించకుండా, రబ్బరు చెప్పులు వేసుకుని రావాలి. ఉంగరాలు, చేతి గడియారం ఇంట్లో పెట్టి రండి. జాగా ఇచ్చేవాళ్ళు నాకు ఫోన్ చెయ్యండి. మోయడానికి నలుగురు కావాలి, ట్యూబ్ వైపు నేను పట్టుకుంటాను.